జాక్సన్ వండాడు, కెర్ వడ్డించాడు అనే వాదనలో నిజమెంత? పాత కోచ్, కొత్త కోచ్ గొడవకు నా సమాధానం

మీ ప్రశ్న సారాంశం ఇది. ఎం.వి.పి. కాలనీలో మీ స్నేహితులు సాయంత్రం బాస్కెట్‌బాల్ ఆడాక రోజూ అమెరికా ఎన్‌బీఏ లీగ్ జట్టు గోల్డెన్ స్టేట్ వారియర్స్ గురించి గొడవ పడుతున్నారు. 2014లో మార్క్ జాక్సన్‌ను తీసేసి స్టీవ్ కెర్‌ను కోచ్‌గా పెట్టారు, మరుసటి ఏడాదే కప్పు వచ్చింది. "వండింది జాక్సన్, వడ్డించింది కెర్" అని సగం మంది అంటున్నారు. "జాక్సనే ఉంటే రెండో రౌండ్ దాటేవాళ్లు కాదు" అని మిగతా సగం. ఇద్దరిలో ఎవరు మంచి కోచ్, దీన్ని తేల్చే పద్ధతి ఏదైనా ఉందా, 2015లో జాక్సన్ ఉంటే ఏమయ్యేది అని అడిగారు.

జవాబు ముందే చెప్పేస్తాను. ఆ జట్టుకు కెరే మంచి కోచ్. తేడా చిన్నదేమీ కాదు. అయితే మీవాళ్లు చూపిస్తున్న కప్పుల లెక్క దానికి సరైన రుజువు కాదు. కప్పు రావడంలో ఆటగాళ్ల వయసు, ఎదుటి జట్టు గాయాలు, అదృష్టం అన్నీ కలిసి ఉంటాయి. ఒకరి జట్టును ఇంకొకరు తీసుకున్నప్పుడు నేను రెండు విషయాలే చూస్తాను. వచ్చినవాడు దేన్ని ముట్టుకోకుండా వదిలేశాడు? దేన్ని మార్చాడు? కెర్ ఈ రెండూ సరిగ్గా ఎంచుకున్నాడు. అందుకే నా ఓటు అతనికి.

విశాఖలో స్కూలు, కాలేజీ జట్లకు చాలా ఏళ్లుగా కోచింగ్ ఇస్తున్నాను. యూనివర్సిటీ రోజుల్లో పాయింట్ గార్డ్‌గా, అంటే బంతి తెచ్చి ఆట నడిపించేవాడిగా ఆడాను. ఇంకొకరు తయారుచేసిన జట్టును మధ్యలో చేతికి తీసుకోవడం ఎంత టెన్షనో నాకు అనుభవమే. ఎన్‌బీఏ స్థాయి వేరు, మన సిమెంటు కోర్టుల స్థాయి వేరు, ఒప్పుకుంటాను. కానీ పాత కోచ్‌ను ప్రేమించే పిల్లల ముందు కొత్తగా నిలబడటం ఎక్కడైనా ఒకటే.

ముందు జాక్సన్ గురించి. అతన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు 2011కు ముందు వారియర్స్ ఎలా ఉండేదో చూడలేదు. అంతకుముందు 1994 తర్వాత వాళ్లు ప్లేఆఫ్స్‌కు (లీగ్ మ్యాచ్‌ల తర్వాత కప్పు కోసం జరిగే పోటీలకు) చేరింది ఒక్కసారే, 2007లో. జాక్సన్ మొదటి సీజన్‌ను లాకౌట్ (యజమానులు, ఆటగాళ్ల ఒప్పంద వివాదం) వల్ల 66 మ్యాచ్‌లకు కుదించారు. 23 గెలిచి 43 ఓడారు. చీలమండ గాయాలతో జట్టు పాయింట్ గార్డ్ స్టెఫ్ కరీ ఆ ఏడాది ఆడింది 26 మ్యాచ్‌లే. సీజన్ మధ్యలోనే మాంటా ఎల్లిస్‌ను మిల్వాకీకి ఇచ్చేసి సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడుగు ఆటగాడు) ఆండ్రూ బోగట్‌ను తెచ్చుకున్నారు. అభిమానులు మండిపడ్డారు. అలాంటి చోటి నుంచి 2012-13లో 47 విజయాలు, డెన్వర్ మీద మొదటి రౌండ్ గెలుపు వచ్చాయి. 2013-14లో 51 విజయాలు. 1991-92 తర్వాత ఆ జట్టు అన్ని గెలవలేదు.

అంతకంటే ముఖ్యమైనది డిఫెన్స్. వారియర్స్ అంటే అప్పటిదాకా పరుగెత్తి షాట్లు వేసే జట్టే తప్ప, ఎదుటివాడిని ఆపే జట్టు అని ఎవరూ అనుకోలేదు. 2013-14 నాటికి ఎదుటి జట్టుకు వంద పొజెషన్లకు (బంతి చేతికొచ్చిన వంద సార్లకు) ఇచ్చిన పాయింట్ల లెక్కలో లీగ్‌లో మూడో స్థానానికి వచ్చారు. వెనక బోగట్, పక్కన ఇగుడాలా, బెంచ్ మీద నుంచి డ్రేమండ్ గ్రీన్. ఈ పునాది జాక్సన్ కాలంలో పడిందే. అతని మొదటి రెండేళ్లలో పక్కన ఉన్న అసిస్టెంట్ మైక్ మలోన్, తర్వాత 2023లో డెన్వర్‌కు కప్పు తెచ్చిన కోచ్. సరైన మనుషుల్ని పెట్టుకోవడం కూడా కోచ్ పనే కాబట్టి ఆ ఘనత జాక్సన్ నుంచి తీసేయలేం.

ఇంకొకటి, అంకెల్లో కనిపించనిది. కరీ, క్లే థాంప్సన్ జోడీ చరిత్రలోకెల్లా గొప్ప షూటింగ్ గార్డ్ జోడీ అని జాక్సన్ 2013లోనే అన్నాడు. చాలామంది నవ్వారు. గాయాలతో సతమతమైన ఒక కుర్రాడి గురించి, రెండో ఏడాది ఆడుతున్న ఇంకో కుర్రాడి గురించి కోచ్ బహిరంగంగా అలా అంటే వాళ్ల మీద దాని ప్రభావం ఎలా ఉంటుందో నాకు తెలుసు. పదహారేళ్ల పిల్లాడితో "ఖాళీ దొరికితే వెయ్, తప్పినా నేను తిట్టను" అని ఒక్కసారి అంటే, వాడి మోచేయి మరుసటి రోజే వదులవుతుంది. జాక్సన్‌ను తీసేసినప్పుడు కరీ బాధపడ్డాడు, ఆ మాట దాచుకోలేదు. ఆటగాళ్లు అతన్ని నిజంగానే ప్రేమించారు.

మరి లోపం ఎక్కడ?

లోపం అఫెన్స్‌లో, అంటే దాడిలో. 2013-14లో ఒక మ్యాచ్‌కు చేసే పాస్‌ల లెక్కలో వారియర్స్ లీగ్‌లోనే ఆఖరున ఉన్నారు. కరీ, థాంప్సన్, ఇగుడాలా, డేవిడ్ లీ, బోగట్ ఒకే జట్టులో ఉన్నారు. అందరికీ పాస్ చేయడం వచ్చు, బోగట్ అయితే సెంటర్లలో అరుదైన పాసర్. అలాంటి జట్టు పాస్‌లలో అట్టడుగున ఉంటే అది ఆటగాళ్ల లోపం కాదు, పద్ధతి లోపం. స్కోరింగ్ సామర్థ్యంలో పన్నెండో స్థానం. చేతిలో కరీ ఉండగా పన్నెండు!

ఆ ఏడాది మ్యాచ్‌లు ఇప్పుడు మళ్లీ చూసినా ఇది కనిపిస్తుంది. పొట్టివాడు ఎవరైనా తమ పొడుగువాడిని కాస్తుంటే బంతిని అతనికి లోపలికి ఇవ్వడం, మిగతా నలుగురు నిలబడి చూడటం. అది పనికిరాని ఆట అనను. జాక్సన్ తాను ఆడే రోజుల్లో అలాగే గెలిచాడు. బుట్టకు వీపు పెట్టి ఎదుటి గార్డ్‌ను నెమ్మదిగా లోపలికి నెట్టుకుంటూ వెళ్లడంలో అతను ఎంత మొండివాడంటే, దాన్ని అయిదు సెకన్లకు పరిమితం చేస్తూ ఎన్‌బీఏ తెచ్చిన రూల్‌ను ఇప్పటికీ అతని పేరుతోనే పిలుస్తారు. కోచ్‌లు తాము ఆడిన ఆటనే నేర్పుతారు, నేనూ చూస్తూనే ఉన్నాను. కానీ ఆ పద్ధతిలో కరీ డ్రిబుల్ చేసినంతసేపే ప్రమాదం. బంతి చేతిలో లేని కరీ ఇంకా పెద్ద ప్రమాదం అనే విషయాన్ని ఆ అఫెన్స్ వాడుకోలేదు.

రెండో లోపం బెంచ్. స్టార్టింగ్ ఫైవ్‌ను దాదాపు ఒకేసారి దించి, బెంచ్ వాళ్లనే అయిదుగురినీ కలిపి ఆడించే అలవాటు ఆ సీజన్లో ఉండేది. సంపాదించిన ఆధిక్యం ఆ కొన్ని నిమిషాల్లో కరిగిపోయేది. ఈ మాట విశాఖలో ఆడేవాళ్లకు బాగా అర్థమవుతుంది. ఏప్రిల్, మే నెలల ఉక్కలో మన పిల్లలు రెండో క్వార్టర్‌కే చెమటతో తడిసి బరువెక్కిపోతారు. మార్చకపోతే ఆడలేరు. అందరినీ ఒకేసారి మారిస్తే అప్పటిదాకా ఆడిన ఆటతో పాటు కోర్టు మీద మాట్లాడే గొంతు కూడా బెంచ్ మీదకు వచ్చేస్తుంది. అందుకే ఒక్కో మార్పులో ఇద్దరికి మించి దించను. కోర్టు మీద ఎప్పుడూ ఒక పాయింట్ గార్డో, డిఫెన్స్‌ను అరిచి నడిపించేవాడో ఉండి తీరాలి.

మూడోది కోర్టు బయట. 2014 వసంతంలో జాక్సన్ సిబ్బందిలో ఒక అసిస్టెంట్‌ను వేరే చోటికి పంపారు, మరొకరిని తీసేశారు. సీజన్ ఆఖరులో ఇలాంటివి జరిగాయంటే లోపల సఖ్యత లేదనే అర్థం. ఇంతకంటే దీనిమీద రాయను, లోపల ఏం జరిగిందో ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

అయినా ఒక్క విషయంలో జాక్సన్‌కు దక్కాల్సిన పేరు దక్కలేదు. 2014 మొదటి రౌండ్‌లో క్లిప్పర్స్ మీద, పక్కటెముక విరిగి బోగట్ లేని సమయంలో, నాలుగో మ్యాచ్‌కు అతను డ్రేమండ్ గ్రీన్‌ను స్టార్టింగ్‌లో దింపి చిన్న జట్టుతో (పొడుగు సెంటర్ లేని అయిదుగురితో) ఆడించాడు. ఆ మ్యాచ్ సునాయాసంగా గెలిచారు. తర్వాత ప్రపంచమంతా చెప్పుకున్న వారియర్స్ చిన్న జట్టు మొదటి ఛాయ అక్కడుంది. ఆ సిరీస్ ఏడో మ్యాచ్ దాకా వెళ్లి 126-121 తేడాతో పోయింది. మూడు రోజులకే జాక్సన్ ఉద్యోగం పోయింది.

ఇప్పుడు కెర్. ఆటగాడిగా అయిదు కప్పులు గెలిచాడు. మూడు చికాగోలో కోచ్ ఫిల్ జాక్సన్ దగ్గర, రెండు శాన్ ఆంటోనియోలో కోచ్ పాపోవిచ్ దగ్గర. ఫీనిక్స్‌కు జనరల్ మేనేజర్‌గా పనిచేశాడు. కోచ్‌గా అప్పటికి ఒక్క మ్యాచ్ కూడా నడపలేదు. 51 మ్యాచ్‌లు గెలిచిన కోచ్‌ను తీసేసి అలాంటివాడిని కూర్చోబెట్టారంటే ఎంత ఒత్తిడి ఉంటుందో ఊహించండి.

అతను మొదట చేసిన మంచి పని, డిఫెన్స్ జోలికి పోకపోవడం. స్క్రీన్ పెట్టినప్పుడు (తమవాడిని కాసేవాడి దారికి ఒకడు అడ్డంగా నిలబడినప్పుడు) మనుషుల్ని మార్చుకునే స్విచింగ్, బోగట్‌ను బుట్ట దగ్గర ఉంచడం వంటివి అలాగే ఉంచాడు. దాన్ని ఇంకా పదునుపెట్టడానికి రాన్ ఆడమ్స్ అనే అనుభవజ్ఞుడిని అసిస్టెంట్‌గా తెచ్చుకున్నాడు. మూడో స్థానంలో ఉన్న డిఫెన్స్ 2014-15లో మొదటి స్థానానికి వచ్చింది. కొత్తగా వచ్చినవాడికి "ఇదంతా నా ముద్రే" అనిపించుకోవాలనే తహతహ ఉంటుంది. దాన్ని అణచుకోవడం చాలా కష్టం. పాత కోచ్ వేసిన పునాది మంచిదని కెర్ పైకి కూడా చెప్పాడు. ఆటగాళ్ల ముందు ఆ మాట అనడం వల్ల సగం ప్రతిఘటన అక్కడే చల్లబడి ఉంటుంది.

రెండోది, మనుషుల దగ్గరికి తానే వెళ్లాడు. సీజన్ మొదలవకముందే బోగట్‌ను కలవడానికి ఆస్ట్రేలియా వెళ్లాడు. హారిసన్ బార్న్స్ దగ్గరికి మయామీ వెళ్లాడు. ఇగుడాలా అప్పటిదాకా తన కెరీర్‌లో ఆడిన ప్రతి రెగ్యులర్ సీజన్ మ్యాచ్‌లోనూ స్టార్టర్. అలాంటివాడిని బెంచ్ మీద కూర్చోమని ఒప్పించాడు. మీరు ఎప్పుడైనా సీనియర్‌ని బెంచ్ మీదకు పంపి చూడండి, ఈ ఒక్క వాక్యం విలువ తెలుస్తుంది.

నాకు ఇలాంటిదే ఒకసారి ఎదురైంది. ఇక్కడి ఒక క్లబ్ జట్టులో ఉద్యోగం చేస్తూ ఆడే సీనియర్ ఒకాయన ఉండేవారు. వయసు ముప్పై దాటింది, కాళ్లు మునుపటిలా లేవు, చూపు మాత్రం చాలా పదును. ఆయన్ని మొదటి క్వార్టర్‌లో ఆడిస్తే కుర్రాళ్ల వేగానికి అలిసిపోయేవారు. రెండో క్వార్టర్ మధ్యలో దింపితే, అప్పటికి అలిసిన ఎదుటి జట్టును ఆయన చదివేసేవారు. ఈ మాట అందరి ముందూ చెప్పకుండా వాళ్లింటికి వెళ్లి, టీ తాగుతూ కాగితం మీద నిమిషాలు గీసి చూపించాను. "నన్ను పక్కనపెడుతున్నావా?" అని అడిగారు. "లేదన్నా, ఆఖరి అయిదు నిమిషాలు మీవే. మొదటి అయిదు మాత్రం కుర్రాడికి ఇవ్వండి" అన్నాను. ఆయన ఒప్పుకున్నాక ఇక ఎవరూ బెంచ్ గురించి అలగలేదు. ఆఖర్లో ఎవరు ఆడతారన్నదే ఆటగాడికి అసలు గౌరవం. ఇగుడాలా విషయంలోనూ కెర్ చేసింది అదే. స్టార్ట్ చేయనివ్వలేదు గానీ ముఖ్యమైన నిమిషాలన్నీ అతనికే ఇచ్చాడు.

మూడోది, అసలు మార్పు, అఫెన్స్. ఆల్విన్ జెంట్రీని అసిస్టెంట్‌గా పెట్టుకుని కెర్ దాన్ని దాదాపు మొదటి నుంచీ కట్టాడు. ఒక మ్యాచ్‌కు కనీసం 300 పాస్‌లు అనే లక్ష్యం పెట్టాడు. బోగట్‌ను ఫ్రీ త్రో లైన్ మూల దగ్గర నిలబెట్టి బంతి అతని చేతికిచ్చారు. కరీ, థాంప్సన్ అతని చుట్టూ ఒకరికొకరు స్క్రీన్ పెట్టుకుంటూ విడిపోతారు. ఎవరి వెంట వెళ్లాలో డిఫెండర్లకు అర్థమయ్యేలోపు ఒకడు త్రీ లైన్ దగ్గర, ఇంకొకడు బుట్ట కింద. ఇందులో బంతి కంటే మనుషుల కదలిక ముఖ్యం.

ఫలితం ఎక్కడ చూడాలంటే, పెద్ద స్టార్ల కంటే ముందు మామూలు ఆటగాళ్ల దగ్గర చూడండి. హారిసన్ బార్న్స్ 2013-14లో వేసిన షాట్లలో 39.9 శాతం పడ్డాయి. మరుసటి ఏడాది 48.2 శాతం. ఒక్క వేసవిలో ఏ కుర్రాడికీ చేతివాటం అంతలా మారదు. అతనికి దొరికే షాట్లు మారాయి. ముందు ఏడాది బెంచ్ జట్టులో ఒంటరిగా డ్రిబుల్ చేసి వేయాల్సినవి, ఇప్పుడు కరీ కోసం అందరూ పరుగెడితే మూలన ఖాళీగా దొరికినవి. కోచ్ పనితనానికి నాకు తెలిసిన అతి నమ్మకమైన రుజువు ఇదే: పాత ఆటగాడికి కొత్తగా సులువైన షాట్ దొరకడం.

కరీ విషయం కూడా చూడండి. 2013-14లో మ్యాచ్‌కు 36.5 నిమిషాలు ఆడి 24 పాయింట్లు. 2014-15లో 32.7 నిమిషాలే ఆడి 23.8 పాయింట్లు, ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడి) అవార్డు. దాదాపు నాలుగు నిమిషాల విశ్రాంతి ఎక్కువ దొరికినా పాయింట్లు తగ్గలేదు. చీలమండల చరిత్ర ఉన్న ఆటగాడికి ఆ విశ్రాంతి మే, జూన్ నెలల్లో ఎంత పనికొచ్చిందో చెప్పనక్కర్లేదు. జట్టు మొత్తానికి స్కోరింగ్ సామర్థ్యం పన్నెండో స్థానం నుంచి రెండుకు వచ్చింది. 67 గెలిచి 15 ఓడారు. మొదటిసారి కోచ్ అయినవాడికి అది లీగ్ చరిత్రలోనే రికార్డు.

మీ స్నేహితుల్లో జాక్సన్ పక్షం వాళ్లు ఇక్కడ ఆపి, "అదంతా పిల్లలు ఎదగడం వల్ల వచ్చింది" అంటారు. అందులో నిజం ఉంది. థాంప్సన్, గ్రీన్ ఇద్దరికీ అప్పుడు ఇరవై నాలుగేళ్లు. ఎవరు కోచ్ అయినా ఇంకొంచెం మెరుగయ్యేవాళ్లే. ఆ వేసవిలోనే కెవిన్ లవ్ కోసం థాంప్సన్‌ను ఇచ్చేయాలనే ప్రతిపాదన వస్తే, వద్దన్నవాళ్లలో సలహాదారు జెర్రీ వెస్ట్‌తో పాటు కెర్ కూడా ఉన్నాడు. గ్రీన్ పూర్తిస్థాయి స్టార్టర్ అయింది మాత్రం డేవిడ్ లీకి తొడ కండరం పట్టేయడం వల్ల. అది కెర్ ముందుచూపు అని నేను చెప్పను. కాకపోతే లీ కోలుకుని తిరిగి వచ్చాక, పెద్ద జీతం తీసుకునే ఆల్‌స్టార్‌ను బెంచ్ మీదే ఉంచి గ్రీన్‌ను కొనసాగించడం మాత్రం కోచ్ ధైర్యమే.

గాయాల అదృష్టం కూడా దాచకూడదు. 2015 ఫైనల్స్‌లో క్లీవ్‌లాండ్‌కు కెవిన్ లవ్ లేడు, మొదటి మ్యాచ్‌లోనే కైరీ ఇర్వింగ్ మోకాలి చిప్ప విరిగింది. అయినా వారియర్స్ 2-1తో వెనకబడ్డారు. అప్పుడు కెర్ నాలుగో మ్యాచ్‌లో బోగట్‌ను పక్కనపెట్టి ఇగుడాలాను స్టార్ట్ చేయించాడు. ఆ సలహా ఇచ్చింది సిబ్బందిలో నిక్ యురెన్ అనే కుర్రాడు. 103-82తో గెలిచారు, ఆ తర్వాత వరసగా రెండు గెలిచి కప్పు ఎత్తారు. సీజనంతా బెంచ్ మీద నుంచి వచ్చిన ఇగుడాలా ఫైనల్స్ ఎంవీపీ. చిన్న ఉద్యోగి మాట విని జట్టు మార్చి, ఆ మాట అతనిదేనని పదిమందికీ తెలియనిచ్చిన కోచ్ అంటే నాకు గౌరవం.

ఆ ఫైనల్స్‌కు కామెంటరీ చెప్పినవాళ్లలో మార్క్ జాక్సన్ ఒకడు. మన దగ్గర ఎక్కువ మ్యాచ్‌లు ఉదయం ఆరున్నరకు మొదలయ్యేవి. సోనీ సిక్స్‌లో చూసి, కాలేజీకి ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని ఆ జూన్‌లో నేను ఏమీ అనలేదు. తాను పెంచిన జట్టు కప్పు గెలుస్తుంటే మైకు ముందు కూర్చుని ఆట గురించే మాట్లాడటం చిన్న విషయం కాదు. ఆ మనిషి మీద నాకున్న గౌరవం తగ్గకపోవడానికి అదొక కారణం.

ఇక లూక్ వాల్టన్ వాదన. 2015-16 మొదట్లో వెన్ను సర్జరీ తర్వాతి ఇబ్బందులతో కెర్ రాలేకపోతే, అసిస్టెంట్ వాల్టన్ నడిపించాడు. వరసగా 24 గెలిచి, అతని చేతిలో 39 విజయాలు, 4 ఓటములు. "ఎవరు నడిపినా గెలిచే జట్టు, ఇందులో కెర్ గొప్పేముంది?" అంటారు. నేను దీన్ని తిప్పి చదువుతాను. కోచ్ లేనప్పుడు కూడా జట్టు అదే ఆట ఆడిందంటే, ఆ ఆట ఆటగాళ్ల ఒంట్లోకి దిగిపోయిందన్నమాట. నేను ఊళ్లో లేని రోజు మా పిల్లలు ప్రాక్టీసు ఎలా చేశారో కనుక్కుంటాను. నా పని ఎలా ఉందో నాకు చెప్పేది అదే. అలాగని ఈ వాదనను పూర్తిగా కొట్టేయను. థాంప్సన్ గాయంతో సీజనంతా లేక, కరీకి చేయి విరిగితే 2019-20లో అదే కెర్ కింద 15 గెలిచి 50 ఓడారు. ఆటగాళ్లు లేకుండా ఏ పద్ధతీ గెలవదు. రెండేళ్లు తిరిగేసరికి, 2022లో, అదే కోచ్ బోస్టన్ మీద మళ్లీ కప్పు గెలిచాడు. అన్నీ కలిసిరావడం వల్లే గెలిచాడు అనేవాళ్లు ఆ 2022 జట్టును ఒకసారి గుర్తుచేసుకోవాలి.

ఇప్పుడు పోల్చే పద్ధతి గురించి. మీవాళ్లు ఏ జట్టు గురించి వాదించినా మొదట అడగాల్సింది: ఆటగాళ్లు అవే మనుషులా? టొరంటోలో 59 విజయాల డ్వేన్ కేసీని 2018లో తీసేశారు, ఆ ఏడాది ఉత్తమ కోచ్ అవార్డు కూడా అతనికే వచ్చింది. తర్వాతి ఏడాది నిక్ నర్స్ కప్పు గెలిచాడు. కానీ మధ్యలో స్టార్ ఆటగాడు కవై లెనార్డ్ వచ్చాడు. ఆ పోలిక నిలబడదు. 1989లో డగ్ కాలిన్స్‌ను తీసేసి ఫిల్ జాక్సన్‌కు చికాగోను అప్పగించడం మన వారియర్స్ కథకు దగ్గరగా ఉంటుంది. అక్కడా జోర్డాన్ చేతిలో మాత్రమే ఉండే బంతి అయిదుగురి చేతుల్లోకి వచ్చింది, కప్పు మాత్రం రెండో ఏడాది వచ్చింది. దీనికి వ్యతిరేకమైనది డెన్వర్. 2013లో 57 విజయాల జార్జ్ కార్ల్‌ను పంపేశారు, కొత్త కోచ్ బ్రయన్ షా కింద 36కు పడిపోయారు. అయితే ఆ వేసవిలోనే ఇగుడాలా డెన్వర్ వదిలి వారియర్స్‌కు వెళ్లిపోయాడు కాబట్టి షాను కూడా పూర్తిగా తప్పుపట్టలేం.

రెండో సూత్రం తొందరపడకపోవడం. కొత్త అఫెన్స్ మొదట్లో తప్పక తడబడుతుంది. కెర్ జట్టు కూడా మొదటి వారాల్లో బంతిని విపరీతంగా పోగొట్టుకుంది. 5-2తో మొదలై, ఆ తర్వాత వరసగా 16 గెలిచారు. మన దేశపు జట్టే చూడండి. స్కాట్ ఫ్లెమింగ్ 2012లో కోచ్‌గా వచ్చాడు, 2014 జులైలో వూహాన్‌లో చైనాను వాళ్ల గడ్డ మీద 65-58తో ఓడించాం. అతన్ని మొదటి ఏడాదికే తూచి ఉంటే ఆ రోజు వచ్చేదా?

నా అనుభవం కూడా చెప్తాను. విశాఖలో ఒక కాలేజీ జట్టును నేను తీసుకున్నప్పుడు, అంతకుముందున్న మాస్టారు వాళ్లకు మ్యాన్ టు మ్యాన్ డిఫెన్స్ (ఒక్కొక్కరు ఒక్కో మనిషిని కాయడం) ప్రాణంగా నేర్పారు. కాళ్లు కదిలించే ఒక డ్రిల్ ఉండేది, దాన్ని పిల్లలు ఆయన పేరుతోనే పిలిచేవారు. ప్రాక్టీసు ఆ డ్రిల్‌తోనే మొదలయ్యేది. దాన్ని అలాగే ఉంచాను, పేరు కూడా మార్చలేదు. మార్చింది ఒక్కటే. హాఫ్ కోర్టులో అయిదుగురిని పెట్టి డ్రిబుల్ లేకుండా ఆడించడం మొదలుపెట్టాను. బంతి నేల తాకితే అవతలివాళ్లకు ఇచ్చేయాలి. పాస్ ఇచ్చి నిలబడకూడదు, బుట్ట వైపు కట్ చేయాలి, అంటే ఒక్కసారిగా దూసుకెళ్లాలి. మొదటి నెల ఘోరంగా ఉంది. బంతి ఎక్కడికో పోయేది, మా బెస్ట్ స్కోరర్ చిరాకుపడి "సార్, నన్ను ఒక్కసారి డ్రిబుల్ చేయనివ్వండి, పాయింట్ తెస్తా" అనేవాడు. తెచ్చేవాడు కూడా. కానీ వాడిని ఇద్దరు కలిసి కాసే జట్టు వచ్చినప్పుడు మేము ఓడుతున్నాం, సమస్య అదే. సీజన్ సగం దాటాక మా అయిదో ఆటగాడు, ఎవరూ లెక్కచేయని కుర్రాడు, బుట్ట కింద ఒంటరిగా బంతి అందుకుని వేయడం మొదలుపెట్టాడు. ఆ రోజు నుంచి స్కోరర్ నన్ను ఏమీ అడగలేదు.

దీనికి వ్యతిరేకంగా జరిగింది కూడా దగ్గరగా చూశాను. ఒక స్కూలు జట్టుకు మంచి పేరున్న కొత్త కోచ్ వచ్చారు. ఆట ఆయనకు నాకంటే బాగా తెలుసు. టోర్నమెంటుకు వారం ముందు పాత మ్యాన్ డిఫెన్స్ తీసేసి జోన్ (మనిషిని కాకుండా కోర్టులో ఒక చోటును కాయడం) పెట్టారు, కెప్టెన్‌ను మార్చారు, పాత సార్ పేరు ఎత్తితే కసిరారు. పిల్లలు భయపడి కోర్టు మీద ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారు. మాటల్లేని జోన్‌లో మూలలన్నీ ఖాళీయే. మొదటి మ్యాచ్‌లోనే ఇంటికి వచ్చారు. ఆయన తెలివికి లోటు లేదు. దేన్ని వదిలేయాలో ఎంచుకోలేదంతే.

మీ గొడవను తేల్చుకోవడానికి ఒక పని చేయండి. 2014లో క్లిప్పర్స్‌తో ఏడో మ్యాచ్, 2015 ఫైనల్స్ నాలుగో మ్యాచ్ పక్కపక్కన పెట్టుకుని చూడండి. బంతిని చూడకండి. బంతి చేతిలో లేనప్పుడు కరీ ఏం చేస్తున్నాడో మాత్రమే చూడండి. పది నిమిషాల్లో మీ గ్రూపు సగం ప్రశాంతమవుతుంది. ఇంకొక మాట, కెర్ ఆటను చూసి మీ సాయంత్రం ఆటలో అందరూ ముప్పై అడుగుల నుంచి త్రీలు వేయడం మొదలుపెట్టకండి. బీచ్ వైపు ఓపెన్ కోర్టుల్లో మధ్యాహ్నం దాటాక సముద్రం గాలికి బంతి పక్కకు జరుగుతుంది. ఆ అఫెన్స్‌లో మీరు నేర్చుకోవాల్సింది కట్‌లు, స్క్రీన్‌లు. వాటికి గాలి అడ్డు రాదు.

ఆఖరిగా, 2015లో జాక్సనే కోచ్‌గా ఉండి ఉంటే? ఇది నా అంచనా మాత్రమే. ఎదిగే వయసు కుర్రాళ్లతో, ఆ డిఫెన్స్‌తో యాభై అయిదుకు పైగా గెలిచేవాళ్లు, క్లిప్పర్స్ లాంటి జట్టును ఈసారి దాటేవాళ్లు, వెస్ట్ (పశ్చిమ విభాగం) ఫైనల్ దాకా వెళ్లేవాళ్లు. ఎదుటివాళ్లు కరీ మీద ఇద్దరిని పంపి బంతి అతని చేతి నుంచి తీయించిన రోజున ఆగిపోయేవాళ్లు. 2015 ఫైనల్స్‌లో క్లీవ్‌లాండ్ సరిగ్గా అదే చేసింది. అప్పుడు కరీ వదిలిన బంతిని మధ్యలో గ్రీన్ అందుకుని, ఎదురుగా ముగ్గురు కాసేచోట నలుగురితో ఆడాడు. ఆ నలుగురికీ ఎక్కడికి పరుగెత్తాలో ముందే తెలుసు. అది వాళ్లకు నేర్పింది కెర్.